పాప గది తలుపు

పదిహేడేళ్ళు నిండినా ఇంట్లో ఆమె పాపే. ఇంటికొచ్చినవాళ్ళకు మంచినీళ్ళు తెచ్చేది పాప, మేనత్తకు మోకాళ్ళ నొప్పులొస్తే మందు రాసేది పాప, కరెంటు పోతే వీధి చివరిదాకా వెళ్ళి మనింట్లోనే పోయిందా అందరికీ పోయిందా అని కనుక్కొచ్చేది పాప. పని చెప్పేటప్పుడు ఇంత పెద్దపిల్లవయ్యావు అనేవాళ్ళు. ఆమె నోరు విప్పి ఏదైనా అడిగేసరికి మాత్రం "చిన్నపిల్లవి, నీకెందుకు ఇవన్నీ" అని ఇంటిల్లిపాదీ ఒక్క గొంతుతో అనేవాళ్ళు.

వాళ్ళ నాన్న తలుపుల మేస్త్రీ. కిటికీలు, బీరువాలు కూడా చేస్తాడుగానీ ఆయన పేరంతా తలుపుల మీదే నిలబడింది. ఆయన బిగించిన తలుపు ఎండలకు వదులు కాదు, వానలకు ఉబ్బి బిగుసుకోదు. చంటిపిల్ల చూపుడువేలితో తోసినా కిర్రుమనకుండా జరుగుతుంది. ఇక గడియల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇత్తడి గడియ తానే ఏరి తెచ్చుకుని, గుమ్మం చౌకట్టులో ఉలితో గాడి తీసి, వెంట్రుకవాసి సందు లేకుండా కుదురుస్తాడు. "నా గడియ పడిందంటే తలుపు గోడలో కలిసిపోయినట్టే" అని పదిమందిలో అంటుంటాడు.

అలాంటి మనిషి ఒకనాటి సాయంత్రం సొంత కూతురి గది తలుపును బందులతో సహా ఊడదీసి, పెరటి వసారాలో గోడకు ఆనించాడు.

పాప గది నిజానికి నాయనమ్మ గది. బుద్ధి తెలిసినప్పటినుంచి పాప పడక నాయనమ్మ మంచం పక్కనే. దీపం ఆర్పాక ముసలావిడ ఇంట్లో ఒక్కొక్కళ్ళ మీదా వేళాకోళాలాడుతుంటే, పాప దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని నవ్వేది. సొంత కూతురన్న మొహమాటం కూడా ఉండేది కాదు ఆవిడకు. పక్కవీధిలో ఉంటూ తెల్లారేసరికి ఇక్కడ తేలే మేనత్తను "మా ఇంటి పోలీసు స్టేషను" అనేది. ఆ నాయనమ్మ జ్వరమొచ్చి మంచాన పడింది, మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఏడుపు మేనత్త చేతికి వచ్చింది. గుమ్మంలో ఎవరు అడుగుపెట్టినా ఆవిడ శోకం అందుకునేది. వచ్చినవాళ్ళు కూర్చుని కాఫీ తాగుతుంటే ఆపి, వాళ్ళ పిల్లల చదువులూ ఉద్యోగాలూ కనుక్కునేది. ఇంకొకళ్ళు రాగానే ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడినుంచి మళ్ళీ ఎత్తుకునేది. ఎవరు ఎంతసేపు ఏడ్చారో, ఎవరి కళ్ళు తడవలేదో కూడా ఆవిడకు గుర్తుండేది.

పాపకు మనుషుల మధ్యలో ఏడుపు రాలేదు. నీళ్ళ గ్లాసులు పట్టుకుని ఇటూ అటూ తిరుగుతూ ఉండిపోయింది.

"రాయిరా ఇది. మా అమ్మ చేతి ముద్దలు తిని పెరిగిన పిల్ల, ఒక్క చుక్క రాల్చిందా చూడు" అంది మేనత్త, వచ్చిన చుట్టాలందరూ వినేటట్టు.

చుట్టాలు వెళ్ళిపోయిన సాయంత్రం పాప గదిలోకి పోయి, తలుపు మూసి గడియ పెట్టుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు. నాయనమ్మ దిండులో మొహం దాచుకుని ఇంకా సరిగ్గా మొదలుపెట్టిందో లేదో, హాల్లో విచారణ మొదలైంది.

"గడియెందుకు పెట్టినట్టు?" మేనత్త గొంతు.

"పడుకుందేమో వదినా" అంది అమ్మ.

"పడుకోవడానికి గడియ కావాలా? ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది."

పాప ఫోను హాల్లో బల్ల మీదే, మేనత్త కళ్ళజోడు పక్కనే ఉంది. ఆ ఇంట్లో దానికి అదే చోటు. అందులోకి ఏ కబురొచ్చినా ముందు మేనత్త చదివి, తర్వాత నాన్నకు వినిపించి, ఆఖరున పాపకు ఇచ్చేవాళ్ళు. ఫోను ఎదురుగా కనబడుతున్నా ఆవిడ అనుమానానికి అది అడ్డం రాలేదు.

నాన్న వచ్చి తలుపు మీద చరిచాడు. ఒకసారి, రెండుసార్లు. భుజంతో నెట్టాడు. అది ఆయన చేసిన తలుపు, ఆయన కుదిర్చిన గడియ. వెంట్రుకవాసి కదలలేదు. తన పనితనం తన మీదికే తిరగబడేసరికి ఆయన కోపం రెట్టింపైంది. పాప కళ్ళు తుడుచుకుని వచ్చి తీసింది.

"ఏం చేస్తున్నావు లోపల?"

"ఏం లేదు నాన్నా."

"ఏం లేనిదానికి గడియెందుకు? ఇంట్లో దొంగలున్నారా? మేం పరాయివాళ్ళమా?"

"కాసేపు ఒక్కదాన్నే ఉందామని."

ఆ మాట ఆ ఇంట్లో అంతకు ముందెవరూ అనలేదు. మేనత్త గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఒక్కదానివే ఉండాలా? ఏరా తమ్ముడూ, విన్నావా? ఇంతమందిమి ఉండగా దానికి ఒక్కతే ఉండాలని ఉందట!"

నాన్న సంచీలోంచి స్క్రూడ్రైవరు తీశాడు. పని తెలిసినవాడు కాబట్టి చిటికెలో అయిపోయింది.

ఆ రోజునుంచి ఆ గది హాల్లో భాగమైపోయింది. మేనత్త తన కుర్చీని గుమ్మానికి ఎదురుగా జరిపించుకుంది, గాలి బాగా వస్తోందన్న సాకుతో. అమ్మ పాత దుప్పటి ఒకటి అడ్డం కడితే, "ఉక్కపోత" అంటూ మేనత్త దాన్ని ఎత్తి కిటికీ చువ్వకు ముడేసింది. పాప పుస్తకం తీస్తే ఏ పుస్తకమని అడిగేది. మూసేస్తే అప్పుడే అయిపోయిందా అని అడిగేది. గోడవైపు తిరిగి పడుకుంటే అలిగిందనేవారు, ఇటు తిరిగి పడుకుంటే మనల్నే చూస్తోందనేవారు. ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ ఆ ఊడిన గుమ్మం చూపించి కథంతా చెప్పేవాళ్ళు. విన్నవాళ్ళు కూడా ఈ కాలం పిల్లలింతే అని తల ఊపి, లోపల పాప పక్క సరిగ్గా వేసుకుందో లేదో ఒకసారి తొంగిచూసి మరీ వెళ్ళేవాళ్ళు.

బాత్రూంలో ఏడుద్దామంటే, నీళ్ళ చప్పుడు కాస్త ఆగితే చాలు, "ఏమైందే?" అని హాల్లోంచి కేక.

ఏడుపు మాత్రం గొంతులోనే ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. అన్నం సయించడం మానేసింది. నాయనమ్మ పోయినందుకు తను ఇంకా ఏడవలేదని, ఏడిస్తేగానీ ఆవిడ నిజంగా పోయినట్టు కాదని పాపకు అనిపించేది. దానికి ఆమెకు కావలసింది ఒక తలుపు, దాని వెనక కాసింత సేపు.

"నాన్నా, తలుపు మళ్ళీ ఎప్పుడు పెడతావు?" అని ఒకరోజు ధైర్యం చేసి అడిగింది.

"చూద్దాంలే" అన్నాడు. ఆయన చూద్దామంటే ఆ ఇంట్లో ఎవరూ ఇక ఎదురు చూడరు.

కొన్నాళ్ళకు పెరట్లోని తలుపు కూడా కనిపించలేదు. ఎవరికో అమ్మేసి ఉంటాడనుకుంది పాప.

అదే రోజుల్లో పాప చదివే కాలేజీలో మానవ హక్కుల సభ పెట్టారు. పిల్లలందరూ పెద్ద మేడం అని పిలిచే ప్రిన్సిపాలుగారు దాన్ని నెత్తిన వేసుకుంది. హక్కుల సంఘం పెద్దాయన ముఖ్య అతిథి. ఒక్కో పిల్లకూ ఒక్కో హక్కు రాసిన అట్ట ఇచ్చి ఎండలో వరసగా నిలబెట్టి రిహార్సలు చేయించింది. "విశ్రాంతి హక్కు" పట్టుకున్న పిల్ల కళ్ళు తిరిగి పడబోయింది. "మాట్లాడే హక్కు" పట్టుకున్న పిల్ల పక్కనున్న పిల్లతో గుసగుసలాడిందని చీవాట్లు తింది. సొంత అభిప్రాయం చెప్పే స్వేచ్ఛ మీద ఒకమ్మాయి చేత ఉపన్యాసం ఇప్పించాలనుకున్నారు. అది పెద్ద మేడమే రాసిచ్చింది. ఒక్క అక్షరం మారినా ఊరుకోనని ముందే చెప్పింది.

సభకు హంగు ఉండాలని పెద్ద మేడం ఒక ఆలోచన చేసింది. వేదిక మధ్య ఒక తలుపు. దాని పేరు హక్కుల ద్వారం. ముఖ్య అతిథి దాన్ని తోసి తెరిస్తే, లోపలినుంచి తెల్లబట్టలు కట్టుకున్న స్వేచ్ఛ పూలగుత్తితో బయటికొచ్చి, "నేను స్వేచ్ఛను" అని ఆయనకు పూలిస్తుంది. తలుపు పని పాప నాన్నకే అప్పజెప్పింది. సభలో పేరు చదువుతామంటే ఆయన కూలి మాట ఎత్తలేదు. ఆ మర్యాదకు బదులుగా స్వేచ్ఛ వేషం పాపకు వచ్చింది.

సభరోజు పొద్దున్నే పాపకు తెల్లబట్టలు కట్టించి వేదిక ఎక్కించారు. తలుపు చౌకట్టుతో సహా నిలబెట్టి ఉంది. ముందువైపు ఆకాశం రంగు పూత, దాని మీద బంగారు అక్షరాలు. అటూ ఇటూ పరదాలు దించారు. తలుపు వెనక గోడకూ పరదాలకూ మధ్య ఒక మనిషి నిలబడేంత చోటు.

"ఇందులో నిలబడు. అతిథిగారు తలుపు తోసేదాకా కదలకూడదు, దగ్గకూడదు, తొంగిచూడకూడదు" అంది పెద్ద మేడం. "నువ్వు స్వేచ్ఛవి. గుర్తు పెట్టుకో."

పాప లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

వేసుకున్నాక చూసింది. రంగు ముందువైపు మాత్రమే పడింది. వెనకవైపు పాత చెక్క అలాగే ఉంది. చెయ్యెత్తితే అందే ఎత్తులో వంకర మేకు, దాని కింద తడి తువ్వాలు ఆరీ ఆరీ నల్లబడిన మచ్చ. తలుపు పక్కనే ఉన్న మంచం మీదినుంచి నాయనమ్మ లేచేటప్పుడు అరచెయ్యి ఆనించే చోటు నునుపు తేలి మెరుస్తోంది. అది తన తలుపు. కొత్త చెక్క ఆరలేదనో, వ్యవధి లేదనో, నాన్న దీనికే రంగు వేసి తెచ్చేశాడు. తలుపు ఊడదీసిన మనిషి గడియ మాత్రం ఊడదీయలేదు. చౌకట్టు కొత్తదే అయినా, అంత బాగా కుదిరిన గడియను వదులుకోవడానికి మనసొప్పక, దానికి సరిపడా మళ్ళీ గాడి తీశాడు. ఎవరు, ఎందుకు వేసుకుంటారన్న ఆలోచన ఆయనకు రాలేదు.

పాప గడియ పెట్టింది. గాడిలోకి మెత్తగా దిగింది.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. హాలు నిండింది. ముందు వరసలో నాన్న కొత్త చొక్కాలో, పక్కన మేనత్త, ఆ పక్కన అమ్మ. ఉపన్యాసాలు మొదలయ్యాయి. యువత తమ హక్కులు తెలుసుకోవాలి అన్నారు, తెలుసుకుని అడగాలి అన్నారు, అడిగేటప్పుడు పెద్దల మాట వినాలి అన్నారు. లోపల పాప నునుపు తేలిన చోట చెంప ఆనించి ఏడవసాగింది. ముందు చప్పుడు లేకుండా, తర్వాత వెక్కుతూ. ఇన్నాళ్ళూ గొంతులో నిలిచిపోయిందంతా కదిలింది. బయట చప్పట్లు పడినప్పుడల్లా గట్టిగా ఏడ్చేది.

ఆఖరున అతిథి లేచి, ఫొటోలు తీసేవాళ్ళ వైపు మొహం పెట్టి తలుపు తోశాడు. రాలేదు. నవ్వుతూ ఇంకోసారి తోశాడు. రాలేదు. ఈసారి నవ్వలేదు. పక్కనున్న పరదా ఒక్క చేత్తో జరిపితే చాలు, కానీ తలుపంటూ ఎదురుగా ఉన్నాక అందరి బలమూ దాని మీదికే పోయింది. ఆటల మాస్టారు వచ్చి తోశాడు. ఇద్దరూ కలిసి తోశారు.

పెద్ద మేడం సందుకు నోరు ఆనించి బుసకొట్టింది. "స్వేచ్ఛా! ఏయ్ స్వేచ్ఛా! గడియ తియ్యవే!"

ఉపన్యాసాల మైకు పక్కనే నిలబెట్టి ఉంది. ఆ మాట హాలంతా వినబడింది. వెనక వరసల్లో పిల్లలు పకపకా నవ్వారు.

"మేస్త్రీగారూ! మీ తలుపు తెరుచుకోవట్లేదు" అంది పెద్ద మేడం.

నాన్నకు అంతకన్నా పెద్ద తిట్టు లేదు. ఒక్క ఊపులో వేదికెక్కాడు. "నా తలుపు తెరుచుకోకపోవడమేంటండీ?" అని అరచెయ్యి ఆనించి చూశాడు. మొహం విప్పారింది. "లోపల గడియ పడిందండీ. ఇక ఏనుగు తోసినా రాదు" అన్నాడు గర్వంగా. అన్నాక, లోపల ఎవరున్నారో అప్పుడు తట్టింది.

"పాపా!"

"ఊఁ."

"తియ్యమ్మా. పెద్దాయన నిలబడ్డారు."

"ఇంకా అవ్వలేదు నాన్నా."

"ఏంటి అవ్వలేదు?"

"ఏడవడం."

హాల్లో నవ్వు ఆగింది. ముందు వరసలోంచి మేనత్త లేచింది. "ఇప్పుడేం ఏడుపే నీకు? ఎవరు పోయారని?"

"నాయనమ్మ పోయింది అత్తా" అంది పాప లోపలినుంచి.

అందరి ఏడుపుకూ లెక్క తెలిసిన మేనత్త కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది. కూర్చుంది.

"నాకు ఇంకోచోట కూడా హక్కుల మీటింగుందండీ" అన్నాడు ముఖ్య అతిథి గడియారం చూసుకుంటూ.

అప్పటికి ఆటల మాస్టారుకు పరదా సంగతి తట్టింది. ఈ మాత్రం దానికింత గొడవా అంటూ పరదా పట్టుకున్నాడు. నాన్న చప్పున ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు సార్. లోపల పిల్ల ఏడుస్తోంది. ఇంతమంది ముందు పరదా లాగేస్తారా?"

"మేస్త్రీగారూ, కార్యక్రమం చెడిపోతోంది" అంది పెద్ద మేడం. "తలుపు కాలేజీది. మీరు పక్కకు తప్పుకోండి."

"తలుపు మా పాపది మేడం" అన్నాడు ఆయన.

అనేశాక ఆయనకే వింతగా తోచింది. మైకు ఆ మాటను హాలు మూలలదాకా మోసుకుపోయి వదిలింది. లోపల వెక్కిళ్ళు ఒక్క క్షణం ఆగాయి.

"నాదైతే ఇంటికి తెస్తావా నాన్నా?"

"తెస్తాలేమ్మా."

"గడియతోనా?"

కొలత తీయకుండా మాటిచ్చే అలవాటు ఆయనకు లేదు. ఎదురుగా మేనత్త కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చేతికింద ఆటల మాస్టారు మణికట్టు ఇంకా గింజుకుంటోంది. తలుపు అవతల తన కూతురు ఏడుస్తోంది. ఇవతల ఊరంతా చూడాలని నిలబడింది. ఇంట్లో తను చేసిన పని కూడా ఇలాంటిదేనని ఆయనకు అప్పుడు అర్థమైందో లేదో ఎవరికీ చెప్పలేదు.

"గడియతోనే" అన్నాడు.

"అయితే ఇంకొంచెంసేపు ఉండండి" అంది పాప.

ఉన్నారు. ఉండక ఏం చేస్తారు? ముఖ్య అతిథికి కుర్చీ వేశారు. హక్కుల అట్టలు పట్టుకున్న పిల్లలు ఎవరూ చెప్పకుండానే వాటిని కింద పెట్టి నేలమీద చతికిలబడ్డారు. సొంత అభిప్రాయం అమ్మాయి రాసిచ్చిన కాగితం మడిచి విసనకర్రలా విసురుకుంది. నాన్న తలుపుకు వీపు ఆనించి కాపలా మనిషిలా నిలబడ్డాడు.

గడియ చప్పుడు లేకుండా జారింది. పాప బయటికొచ్చింది. ముక్కు ఎర్రగా, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పూలగుత్తి సగం నలిగిపోయింది. దాన్ని పెద్దాయన చేతిలో పెట్టి, "నేను స్వేచ్ఛను" అని ముక్కు చీదింది.

అంతా చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి మైకు అందుకుని, "ఎంత సహజంగా నటించింది! ఇలాంటి నాటకాలు ప్రతి కాలేజీలోనూ వెయ్యాలి" అన్నాడు. పెద్ద మేడం అదంతా తన ఆలోచనేనన్నట్టు తల వంచి నమస్కారం పెట్టింది.

సాయంత్రానికి తలుపు ఇంటికి చేరింది. తన గుమ్మంలో తన బందుల మీద మళ్ళీ నిలబడింది. ఆకాశం రంగూ, "హక్కుల ద్వారం" అన్న బంగారు అక్షరాలూ హాలు వైపుకొచ్చాయి. నాన్న ఆ రంగు చెక్కేయడానికి చిత్రిక పట్టబోతే అమ్మ వద్దంది.

"కళ్ళు పొడుస్తోందిరా ఆ రంగు. ఎదురుగా ఎలా కూర్చోను?" అంది మేనత్త.

"కుర్చీ అటు తిప్పుకో అక్కా" అన్నాడు నాన్న.

పాప లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. లోపలినుంచి ఏడుపు లేదు, మాటలు లేవు. మేనత్త చెవి రిక్కించి, రిక్కించి అలిసిపోయింది.

"ఏం చేస్తుంటుంది లోపల?"

"ఏమీ చెయ్యట్లేదేమో వదినా" అంది అమ్మ.

"ఏమీ చెయ్యకుండా ఉండటానికి తలుపెందుకే?"

అమ్మ లేచింది. పనిముట్లు సంచీలో సర్దుకుంటున్న భర్త దగ్గరికి వచ్చి నిలబడింది. అత్తగారు పోయినప్పుడు ఈమె ఎప్పుడు ఏడ్చిందో, అసలు ఏడ్చిందో లేదో, ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. వచ్చినవాళ్ళందరికీ కాఫీలు కలుపుతూనే ఉండిపోయింది.

"ఏమండీ, ఆ కొలత టేపు సంచీలో పెట్టకండి" అంది.

"ఎందుకు?"

"వంటింటికి కూడా ఒక తలుపు కావాలి."

మేనత్త కుర్చీలోంచి సగం లేచింది. "వంటింటికి తలుపేంటే? ఎవరింట్లోనైనా ఉందా?"

అమ్మ వంటింటి గుమ్మంలోకి వెళ్ళి, టేపు ఒక కొస పట్టుకుని, ఆయన రెండో కొస పట్టుకునేదాకా అక్కడే నిలబడింది.